సున్నం ఊళ్లో బొమ్మ సున్నం

పదో తరగతి సైన్సు పుస్తకం మొదటి పాఠంలోనే సున్నం ఉంది. పొడిసున్నం మీద నీళ్లు పోస్తే బుస్సుమని పొంగి, ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి పుట్టి, తడిసున్నమవుతుంది. ఈ పాఠం చెప్పడానికి పల్నాడులోని దాచేపల్లిని మించిన ఊరు వెతికినా దొరకదు. కాళ్ల కింద సున్నపురాయి. మండలంలోనే తంగెడలో సిమెంటు ఫ్యాక్టరీ. పిడుగురాళ్లకు బస్సెక్కితే సున్నం బట్టీలు: సుమారు 900 డిగ్రీల వేడికి రాయి బొగ్గుపులుసు వాయువును వదిలించుకుని సున్నమయ్యే చోటు. బట్టీలో పనిచేసే నాన్న ఒళ్లంతా తెల్లగా ఇంటికొస్తుంటే, ఆ పిల్లకి సమీకరణం కుడివైపు ఏముంటుందో పుస్తకం తెరవకముందే తెలుసు.

అలాంటి పిల్లని బళ్లో కూర్చోబెట్టి గోడకి బిగించిన పెద్ద తెర మీద బొమ్మ బీకరు చూపిస్తాం. బొమ్మ సున్నాన్ని వేలితో లాగి బొమ్మ నీళ్లలో వదిలితే, బొమ్మ థర్మామీటరులో ఎర్రగీత పైకి లేస్తుంది. చెయ్యి కాలదు. ముక్కుకి ఘాటు తగలదు. దీని పేరు అనుభవపూర్వక అభ్యసనం!

సిమ్యులేషన్ మీద నాకు పగేం లేదు. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్, ఆ మరుసటేడు కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ‘ఫెట్’ బొమ్మలు ఉచితం, తెలుగులోనూ దొరుకుతాయి. తీగలో ఎలక్ట్రాన్లు ఎలా కదులుతాయో, పరమాణువులోకి ఇంకో ప్రోటాన్ వచ్చి చేరితే ఏమవుతుందో ఏ బట్టీ చూపించదు. అక్కడ తెరకి దణ్ణం పెడతాను. అమృత విశ్వవిద్యాపీఠం, సీ-డాక్ కలిసి తయారుచేసిన ఓల్యాబ్స్ కూడా ల్యాబు లేని బడికి ఆసరాగా వచ్చిందే. ఊతకర్ర వచ్చింది గనక ఇక కాళ్లెందుకని తీర్మానించింది మనం.

పైగా సిమ్యులేషన్ పిల్ల చేతిలో ఆడాల్సిన ఆట. వోల్టేజి పెంచితే ఏమవుతుందో పిల్లే ఊహించాలి, తప్పు పోవాలి, మళ్లీ జరపాలి. తరగతి మొత్తానికి ఒక్క తెర ఉన్నచోట ఏం జరుగుతుంది? మాస్టారు జరుపుతారు, నలభై మంది చూస్తారు. దాన్ని మనూళ్లో సినిమా అంటారు.

తెర కొంటే చదువొచ్చేస్తుందన్న నమ్మకం కొత్తదీ కాదు, చవకదీ కాదు. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకీ వాళ్ల టీచర్లకీ 5 లక్షల పైచిలుకు ట్యాబుల పంపిణీ మొదలుపెట్టింది. లోపల బైజూస్ పాఠాలు. 2024 జులై వచ్చేసరికి ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలో పడింది. సున్నపురాయి మాత్రం పల్నాడు వదిలి ఎక్కడికీ పోలేదు.

ఇంతకీ ఈ బొమ్మ ప్రయోగాల విద్యలో కొలరాడో మనకి కొత్తగా నేర్పేదేముంది? లోలకం ఊపకుండానే గురుత్వ త్వరణం 980 తేల్చడం మన ఇంటర్ కాలేజీలు చాలావాటికి వీమన్ కంటే ముందే వచ్చు. ముందు జవాబు రాసుకో, వెనక్కి లెక్కేసి రీడింగులు పుట్టించు, సీనియర్ రికార్డులోంచి బొమ్మ దింపు, 30కి 30 పట్టుకో. కరెంటు కూడా అక్కర్లేని సిమ్యులేషన్! పేటెంటు తీసుకోవడం ఒక్కటే మర్చిపోయాం.

ఇంత గొప్పదైతే బడి వరకే ఎందుకు ఆపాలి? మధ్యాహ్న భోజనంలో ఉడికిన గుడ్డుని తెర మీద నుంచి వేలితో లాగి బొమ్మ పళ్లెంలో వేసుకోమందాం. పెంకు ఒలిచే చప్పుడు స్పీకర్లో వస్తుంది. ఒకటో తారీఖున టీచర్లకి జీతం బొమ్మ పంపుదాం. పక్కన ఎన్ని సున్నాలు కావాలంటే అన్ని చేర్చుకోవచ్చు. కోడిపందేల జోలికి మాత్రం వెళ్లొద్దు. కోడిపోరు మీద యుద్ధానికి దిగిన పల్నాడు ఇది. పుంజు నిజంది కావాలి, కాలికి కట్టే కత్తి నిజంది కావాలి, పందెం డబ్బు మరీ నిజంది కావాలి. పిల్లల సైన్సు దగ్గరికొచ్చేసరికే ఎక్కడలేని సర్దుబాటు.

నిజం ప్రయోగానికి ఖర్చవుతుందంటారా? గుప్పెడు పొడిసున్నం, ఒక బీకరు, కాసిని నీళ్లు. సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది గనక మాస్టారే కళ్లద్దాలు పెట్టుకుని పోయాలి, పిల్లలు దూరంగా నిలబడాలి. తేరిన సున్నపునీటిలో గొట్టంతో ఊది పాలలా మార్చడం పిల్లలు తలొకరూ చేయొచ్చు. పీల్చకుండా చూసుకుంటే చాలు.

తనిఖీకి వచ్చే విద్యాశాఖ అధికారులకు ఒక మనవి. తెర వెలుగుతోందా లేదా అని చూసి వెళ్లిపోకండి. ల్యాబు బీరువా తాళం తీయించి, పగిలిన టెస్ట్ ట్యూబులు లెక్కపెట్టండి. ఒక్కటీ పగలని బడికి మంచి రిపోర్టు రాయకండి.