ఊళ్లు పెరిగాయి, పూటలు తరిగాయి

పది రోజులు, ఆరు ఊళ్లు. యూరప్ వెళ్తున్నామంటూ మా ఇంటి పిల్లలు తెచ్చి చూపించే ప్రతి ప్లానులోనూ ఇదే వరస. ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, ఇంటర్లాకెన్, వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్. మా రోజుల్లో యూరప్ వెళ్లడమే గగనం. కానీ వెళ్లినవాడు ఊరు చూసి వచ్చేవాడు. ఇప్పుడు వెళ్లడం తేలికైంది, చూసే తీరికే లేకుండా పోయింది. నా గొడవంతా దాని గురించే.

ముందు లెక్క చూడండి. పది రోజుల్లో దిగిన రోజు, తిరుగు విమానం ఎక్కే రోజు తీసేస్తే ఎనిమిది. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారి, నిద్రలేని కళ్లతో దిగినవాడి బుర్రకు ఆ పూట ఏ మ్యూజియమూ ఎక్కదు. ఆరు ఊళ్లంటే మధ్యలో ఐదు ప్రయాణాలు. ప్రయాణమంటే పెట్టె సర్దాలి, గది ఖాళీ చేయాలి, స్టేషన్‌కు చేరాలి, కొత్త ఊళ్లో హోటల్ వెతుక్కోవాలి, మధ్యాహ్నం దాకా గది ఇవ్వకపోతే సామాను ఎక్కడో పెట్టుకోవాలి. ఎంత కాదన్నా సగం రోజు హరీ. ఐదు సగాలు కలిపితే రెండున్నర రోజులు. ఎనిమిదిలో అవి పోగా మిగిలేవి ఐదున్నర. ఆరు ఊళ్లకు ఐదున్నర రోజులు! ఊరికి ఒక రోజు కూడా పూర్తిగా దక్కలేదు. లక్షలు పోసి టికెట్లు కొనేవాళ్లు ఈ చిన్న తీసివేత ఎందుకు చేసుకోరో నాకు అంతుపట్టదు.

‘‘పారిస్ నుంచి రోమ్‌కు రెండు గంటల ఫ్లైటే కదా మామయ్యా!’’ అంటాడు మా మేనల్లుడు. గాల్లో రెండు గంటలే, నిజం. నేల మీద సంగతో? చౌక విమానాలు కొన్ని ఎక్కేది బోవే విమానాశ్రయంలో. పేరులో పారిస్ ఉంటుంది కానీ అది పారిస్‌కు దాదాపు 80 కిలోమీటర్ల దూరం. అక్కడికి చేరడానికి బస్సులో గంటకు పైగా, ముందుగా వెళ్లి కూర్చోవడానికి రెండు గంటలు, దిగాక సామాను కోసం ఎదురుచూపు, మళ్లీ ఊళ్లోకి ప్రయాణం. పొద్దున బయల్దేరినవాడు హోటల్ మంచం చూసేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది.

మేం డెబ్బైల చివర, ఎనభైల మొదట్లో ఉద్యోగం తరఫున శిక్షణ కోసం జర్మనీ వెళ్లినవాళ్లం. శిక్షణ అయ్యాక సెలవు కలుపుకుని ఊళ్లు చూసేవాళ్లం. చేతిలో థామస్ కుక్ టైమ్‌టేబుల్ ఉండేది. 1873లో మొదలైన ఆ పుస్తకంలో యూరప్‌లోని ముఖ్యమైన రైళ్లన్నీ పట్టికలుగా ఉండేవి. ఒక పట్టికలో మ్యూనిక్, దాని కింద ఇన్స్‌బ్రుక్, ఆ కింద బ్రెన్నర్ కనుమ, వెరోనా. ఏ ఊరు ఏ ఊరి తర్వాత వస్తుందో, మధ్యలో ఎన్ని గంటలో వేలు పెట్టి చదివితే తెలిసిపోయేది. దారి ముందు, ఊళ్లు తర్వాత. ఇప్పటి పిల్లలు ముందు రీల్స్‌లో చూసిన ఊళ్లు ఏరుకుంటారు, తర్వాత వాటి మధ్య దారి కోసం తంటాలు పడతారు. థామస్ కుక్ సంస్థ 2013లో ఆ పుస్తకం వేయడం మానేసింది. మరుసటి ఏడాది నుంచి వేరేవాళ్లు దాన్ని నిలబెట్టారు. మన పిల్లల్లో దాన్ని తిరగేసినవాడు ఒక్కడు కనపడలేదు నాకు.

ఇంకోటి రాత్రి రైలు. అప్పట్లో పారిస్‌లో సాయంత్రం పాలటినో అనే బండి ఎక్కితే తెల్లారాక రోమ్‌లో దిగేవాళ్లం. కూపేలో అటు మూడు, ఇటు మూడు బెర్తులు, మన త్రీటైర్‌లాగే. పగలు పోయేది కాదు, ఆ రాత్రికి హోటల్ ఖర్చూ ఉండేది కాదు. ఆ బండి ఆగిపోయి చాలా ఏళ్లయింది. జర్మనీ రైల్వే తన స్లీపర్ బండ్లను 2016 డిసెంబరులో పూర్తిగా ఎత్తేసింది. వాటిలో కొన్ని దారులను ఆస్ట్రియా రైల్వే నైట్‌జెట్ పేరుతో అందుకుంది కాబట్టి సరిపోయింది. వియన్నా నుంచి వెనిస్‌కో, మ్యూనిక్ నుంచి రోమ్‌కో ఇప్పటికీ పడుకుని వెళ్లొచ్చు. ఆ సంగతి చెప్తే, ‘‘రైల్లో నిద్ర పట్టదు’’ అంటారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి విమానాశ్రయానికి పరుగెత్తితే పడుతుందా?

మా రోజులన్నీ బంగారమని నేననను. సరిహద్దు వచ్చినప్పుడల్లా అర్ధరాత్రి లేపి పాస్‌పోర్టు అడిగేవారు. ఫ్రాన్స్‌లో ఫ్రాంకు, జర్మనీలో మార్కు, ఇటలీలో లీరా. దేశం మారితే జేబులో చిల్లర చెల్లేది కాదు. మన ప్రభుత్వం అనుమతించే విదేశీ మారకం చూస్తే పొట్ట మాడ్చుకోక తప్పేది కాదు. 1995లో షెంగెన్ ఒప్పందం అమల్లోకి వచ్చి ఆ తనిఖీలను క్రమంగా చాలావరకు తీసేసింది. 2002లో యూరో నోటు వచ్చి చిల్లర బాధ తీర్చింది. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు ఇప్పుడు రైల్లో గంటన్నర. ఇవన్నీ మంచికే వచ్చాయి. కానీ ఇన్ని విధాల కలిసొచ్చిన కాలాన్ని ఏం చేశారు? ఊళ్లో ఇంకో పూట ఉండటానికి వాడలేదు. ఇంకో ఊరు తగిలించడానికి వాడారు.

పరుగు టూర్లు అప్పుడు లేవా అంటారేమో. ఉన్నాయి. 18 రోజుల్లో తొమ్మిది దేశాలు తిరిగే బస్సు టూరు మీద 1969లోనే హాలీవుడ్‌లో ఒక సినిమా తీశారు. మంగళవారమైతే ఇది బెల్జియమే అయ్యుండాలి అని దాని పేరుకు అర్థం. ఎక్కడున్నామో తెలియాలంటే వారం చూసుకోవాలన్నమాట. జనం నవ్వుకున్న ఆ టూరులో కూడా దేశానికి రెండు రోజులున్నాయి. మన పిల్లల ప్లానులో ఊరికి ఒకటి కూడా లేదు.

వీసా తంతు ఇంకో తలనొప్పి. షెంగెన్ నియమం ప్రకారం ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. నియమం సబబైనదే. కానీ ఏ దేశం అపాయింట్‌మెంట్ త్వరగా దొరికితే ఆ దేశానికి రాత్రులు పెంచి, మిగతావి కోసేస్తున్నారు. పారిస్‌కు నాలుగు రోజులా రెండు రోజులా అన్నది అక్కడి లూవ్ర్ మ్యూజియాన్ని బట్టి తేలాలి గానీ అపాయింట్‌మెంట్‌ను బట్టా?

లూవ్ర్ అన్నాను కాబట్టి సెలవుల సంగతీ చెప్పాలి. లూవ్ర్ మంగళవారం మూత. ఓర్సే మ్యూజియం, వెర్సాయ్ రాజభవనం సోమవారం మూత. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ, మైఖెలాంజిలో డేవిడ్ ఉన్న అకాడెమియా కూడా సోమవారమే. వాటికన్ మ్యూజియాలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు తెరవరు. ఊరికి ఒక్కరోజు పెట్టుకున్నవాడికి ఆ రోజు సోమవారమైతే ఫ్లోరెన్స్ వెళ్లి ఏం చూస్తాడు? మూడు రోజులున్నవాడికి ఏ వారం సెలవైనా నష్టం లేదు.

పైగా ఇప్పుడు చాలావాటికి ఫలానా గంటకే అని టికెట్లు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అన్నే ఫ్రాంక్ ఇంటికి టికెట్ ఆన్‌లైన్లో తప్ప దొరకదు. మిలాన్‌లో లియొనార్డో ‘చివరి విందు’ ముందు 15 నిమిషాలే నిలబడనిస్తారు. 2018లో లూవ్ర్‌కు వచ్చినవాళ్లు కోటికి పైనే. అంత జనానికి ఆ కట్టడి అవసరమేనని ఒప్పుకుంటాను. అయితే టికెట్లు బిగిసిన కొద్దీ మన రోజులు వదులుగా ఉండాలి. పొద్దున పదింటికి ఒక టికెట్, మధ్యాహ్నం మూడింటికి రైలు, నడుమ భోజనం. ఒక బండి ఆలస్యమైతే చాలు, రోజంతా కూలిపోతుంది.

వెనిస్‌నే చూడండి. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే జనాన్ని భరించలేక, 2024 నుంచి కొన్ని తేదీల్లో అలాంటివాళ్ల దగ్గర ప్రవేశ రుసుము వసూలు చేస్తోంది. రాత్రి బస చేసేవాళ్లకు ఆ రుసుము లేదు. రాత్రికి ఉండండయ్యా అని ఊరే బతిమాలుతోంది. పగటి గుంపు వెళ్లిపోయాకే కాలువ గట్టున నీటి చప్పుడు వినపడుతుంది. ఆ సమయానికి మనవాళ్లు పక్కనున్న మెస్త్రేలో చౌక హోటల్‌కు బస్సు ఎక్కేసి ఉంటారు.

నాకు అసలు కోపం వచ్చేది పెద్దవాళ్ల విషయంలో. జర్మనీలో, నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేసే మన పిల్లలు అమ్మానాన్నలను ముచ్చటపడి పిలిపించుకుంటారు. ఎంతో మంచి బుద్ధి. కానీ అరవై దాటిన తల్లిని రాళ్లు పరిచిన వీధుల్లో, లిఫ్టు లేని పాత మేడల్లో, రోజుకో ఊరు తిప్పుతారు. మూడో ఊరికి ఆమెకు మోకాళ్లు వాస్తాయి, ఐదో ఊరికి ‘మీరు వెళ్లి రండి నాన్నా’ అని గదిలో ఉండిపోతుంది. జీవితంలో ఒక్కసారి వచ్చిన మనిషికి యూరప్ అంటే హోటల్ గది గోడగా మిగిలిపోవడం అన్యాయం.

అందుకే నా మాట ఇది. పది రోజులకు మూడు ఊళ్లు చాలు. పారిస్‌లో దిగండి, రోమ్‌లో తిరుగు విమానం ఎక్కండి. మొదలుపెట్టిన ఊరికే వెనక్కి వచ్చే దండగ ప్రయాణం తప్పుతుంది. చేతిలో ఉన్న తొమ్మిది రాత్రుల్లో పారిస్‌కు నాలుగు, ఫ్లోరెన్స్‌కు రెండు, రోమ్‌కు మూడు. వెనిస్ మీద మనసుంటే ఫ్లోరెన్స్ తీసేయండి గానీ రెండూ ఇరికించకండి. అన్ని ఊళ్లకూ సమానంగా పంచడమూ తప్పే. చూడాల్సింది ఎక్కువున్న ఊరికి ఎక్కువ, మొదటి ఊరికి ప్రయాణ బడలిక తీరడానికి ఇంకొకటి. చుట్టుపక్కల చూడాలంటే పెట్టె గదిలోనే ఉంచి ఫ్లోరెన్స్ నుంచి పీసాకు గంట రైలు, పారిస్ నుంచి వెర్సాయ్‌కి లోకల్ రైలు. పొద్దున వెళ్లి రాత్రికి అదే మంచానికి రావచ్చు. అమ్మానాన్నలు వెంట ఉంటే మధ్యాహ్నం రెండు గంటలు గదిలో విశ్రాంతిని కూడా టికెట్ కొన్నంత గట్టిగా రాసిపెట్టుకోండి.

టికెట్లు బుక్ చేయకముందే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరు ఏం చూడాలనుకుంటున్నారో అడగండి, ముందు అమ్మను అడగండి. ఎవరూ అడగని ఊళ్లన్నీ కొట్టేయండి. అలా మిగిలిన రోజులు పెట్టి ఇంకో ఊరు కొనకండి, ఉన్న ఊళ్లోనే ఇంకో రాత్రి ఉండండి.