గట్లు దాటిన అక్షరము

నేనొక వ్రాతపుస్తకమును. చైనాదేశమున యాంగ్‌ట్సీ నది యొడ్డున వెలసిన వూహాన్ నగరములో, వైద్యవిద్యార్థుల వసతిగృహమునకు సమీపమందలి యొక చిన్న దుకాణమున, పెన్సిళ్లకును రబ్బరుముక్కలకును నడుమ నేను చిరకాలము పడియుంటిని. నా పుటలనిండ చదరపు గడులు గలవు. ఒక్కొక్క గడిని నిలువుగా నొకటియు అడ్డముగా నొకటియు రెండు చుక్కలగీతలు నాలుగు పాళ్లు చేయును. చీనాలిపిలో పొలమునకు గల యక్షరము అచ్చముగా నా గడిరూపమే యగుటచేత ఆ దేశమువారు దీనిని పొలపుగడి యందురు. అచ్చటి పసిబాలురు బడిలో చేరినతోడనే నావంటి పుస్తకములలో నక్షరములు దిద్దుకొందురు. నాకును అట్టి బాలుడెవడో దొరకునని యెదురుచూచుచుండగా, వైద్యము చదువవచ్చిన యొక తెలుగుపిల్ల నన్ను కొనిపోయెను.

ఆమె తెనాలి ప్రాంతపు రైతుబిడ్డ. నన్ను తెరచినంతనే "ఇవి మళ్లు, ఇవి గట్లు" అని నవ్వుకొనెను. అది మొదలు నాలో వ్రాయుటను ఆమె వ్రాయుట యనలేదు, నాటువేయుట యనెను. ఆ గౌరవమునకు పొంగిపోయి నేనును, గట్టు దాటిన గీత నొక్కదానినైన సహింపరాదని నిశ్చయించుకొంటిని.

తరగతిలో పాఠము లాంగ్లమున జరిగినను, వీధిలో కాలుపెట్టిన పిదప ఆంగ్లము అక్కఱకు రాదు. 1958లో ఆ ప్రభుత్వ మామోదించిన పిన్‌యిన్ అను రోమనులిపి పద్ధతి యామెకు దారి చూపినట్లే చూపి తప్పుదారి పట్టించెను. 'బి' యని వ్రాసినచోట చీనావారు పలుకునది మన 'ప'. 'పి' యని వ్రాసినచోట ఊపిరి యొత్తి పలుకు 'ఫ'. 'డి'కి 'త', 'జి'కి 'క'. అనగా వారు పాటించు భేదము పరుషసరళభేదము గాదు, అల్పప్రాణ మహాప్రాణభేదము. ఇంక వారి 'జెడ్' అక్షరపు ధ్వని మనము చాలు, చాప యనునప్పుడు పలుకు దంత్యచకారమే. ఈ మర్మము తెలిసిననాడు ఆమె రోమనక్షరముల నన్నిటిని కొట్టివేసి ప్రతిపదము ప్రక్కను తెలుగున వ్రాసికొనెను. ఇప్పటి యచ్చుపుస్తకములలో అరుదైపోయిన మన 'ౘ' యక్షరము, ఎచ్చటి తెనాలి, ఎచ్చటి వూహాను, నా పుటలలో పునర్జన్మ మెత్తెను!

అక్షరము లొక యెత్తు, స్వరము లొక యెత్తు. 'మాయ్' అను మాటను క్రిందికి వంచి పలికిన కొనుట. పైనుండి క్రిందికి విసరి పలికిన అమ్ముట. ఒకనాడు పండ్ల యంగడిలో నామె నారింజపండ్లను చూపి, "నేను అమ్మెదను" అని గంభీరముగా పలుకగా, అంగడివాడు తన చేతిలోని త్రాసును క్రింద పెట్టి "తువో షావ్ ఛియెన్?" అనెను. ఎంత సొమ్మునకు అని దాని యర్థము. ఆ ప్రశ్న ఆమెయే వేయుటకై ముందురాత్రి ఇరువదిమార్లు వల్లెవేసినది! ఇంటికి వచ్చి ఆ రెండక్షరములను ప్రక్కప్రక్క మళ్లలో నాటెను. కొనుటకు గల యక్షరము నెత్తిన పదియను గుర్తు పెట్టిన అమ్ముట యగును. "పదింతలకు గాని అమ్మరు కాబోలు" అని నా యంచున వ్రాసికొనెను.

కష్టమంతయు నొకవైపేయని చెప్పుట న్యాయము గాదు. 'ని హావ్' అను పలకరింపులో రెండు పదములును వంపుస్వరములే యైనను, పరస్వరమును చూచి పూర్వస్వరము తన వంపు మాని పైకి లేచునని గురువు చెప్పినప్పుడు, తోడివిద్యార్థులు తలలు పట్టుకొనగా, "ఇది సంధి" యని యామె సులువుగా గ్రహించెను. సంఖ్య చెప్పునప్పుడు రెండునకు 'అర్' అనియు, రెండు గిన్నెలు, రెండు పుస్తకములు అని లెక్కించునప్పుడు 'లియాంగ్' అనియు వేర్వేరు మాటలుండుట, రెండు కుర్చీలు, ఇద్దరు మనుష్యులు అను భాషలో పెరిగినదానికి వింత గాదు. ఉదయమున నువ్వులముద్ద కలిపిన వేడి నూడుల్సు అమ్ము అవ్వ యామెను "ఛి ల మా?" అని పలకరించెడిది. తింటివా యని దాని యర్థము. తొలిసారి యా మాట విన్ననాడు, ఇంటివద్ద "అన్నం తిన్నావా?" అను పిలుపు జ్ఞప్తికి వచ్చి కాబోలు, ఆమె నూడుల్సు చల్లారువరకు నా పుట మీదనే చూపు నిలిపియుండెను, ఆ మడిపై నువ్వులనూనె మరక నేటికిని గలదు.

కొన్నియేండ్లకు నేను తెల్లకోటు జేబులోనికి మారితిని. ఆసుపత్రిమాటల కొఱకు కడపటి పుటలు కేటాయింపబడెను. 'థంగ్' అనగా నొప్పి. రోగమును సూచించు చూరు క్రింద శీతకాలము నుంచిన ఆ యక్షరము. "నాలి థంగ్?", ఎచ్చట నొప్పి యని రోజునకు నూరుమార్లు అడుగుచు ఆమె నన్ను తెరచుటయే మానివేసెను. నాకు కొంచెము చిన్నతనమయ్యెను.

అంతలో నొక ముసలమ్మ నయమై యింటికి పోవుచుండెను. ఆమెను పిల్ల 'నాయ్ నాయ్' అని, అనగా నాయనమ్మ యని, పిలుచుచుండెడిది. గుమ్మమువరకు సాగనంపి, "ౘాయ్ చియెన్" అని చేయి యూపెను. నా మొదటిపుటలోని మాట; మరల చూతమని యర్థము. స్వరమును తప్పలేదు, ధ్వనియు తప్పలేదు. ఐనను ముసలమ్మ కోడలి మొగము ముడుచుకొనెను. ముసలమ్మ మాత్రము నవ్వి, కలము చేత నందుకొని, నా కడపటిపుటలో వణకుచేతితో రెండక్షరములు వ్రాసి చదివి చూపెను: "మాన్ ౘోవ్". నెమ్మదిగా నడువుము, సాగనంపువారు పలుకవలసిన మాట.

పిల్ల క్షణకాలము తెల్లబోయెను. పిదప ఆమెకు చావుపరామర్శకు పోయిన తన తల్లి జ్ఞప్తికి వచ్చెను. ఏ యింటనుండి లేచినను "వెళ్లొస్తాను" అనక కదలని ఆ తల్లి, ఆ యొక్క యింటినుండి మాత్రము మాటలేక లేచి వచ్చెడిది. ఆసుపత్రిలో మరల చూతమనుట యెట్టిదో ఇంక నామెకు నిఘంటువు చెప్పనక్కఱలేదు.

ముసలమ్మ యక్షరములు నా గడులలో ఇమడలేదు. ఒక్కొక్కటి మూడేసి మళ్ల నాక్రమించి, గీతలనెల్ల త్రొక్కివేసినవి. గట్టు దాటనీయనని పంతము పట్టినదాననయ్యు నేను నోరు మెదపనైతిని. మడికి నీరు పెట్టవలెనన్న గట్టునకు గండి కొట్టక తప్పదని రైతుబిడ్డకు నేను చెప్పవలసిన పనిలేదు.