వన్‌బైటు పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలం (ఆటవెలది)

సూపు నొకటె చెప్పి చూపులు రెండయి
యెదురు కూరుచున్న యింతి వినగ
పంచి తెమ్ము బాబు వన్బైటుగా నన్న
మగని మోము జూచి మగువ నవ్వె.

అవతారిక

విశాఖపట్నంలో బీచ్ రోడ్డుకు రెండు వీధులు లోపలగా ఒక హోటల్. అందులోని రెస్టారెంటులో కిటికీ పక్కన ఇద్దరు కూచునే బల్ల. ఆ బల్ల మీద సాసు సీసా కింద దొరికిన టిష్యూ కాగితమే ఈ పద్యానికి ఏకైక మాతృక. కవి పేరు లేదు. నాయకుడే కవి అని కొందరంటారు. బ్యాంకు ఉద్యోగికి యతి కుదరదని ఇంకొందరు ఆక్షేపిస్తారు. ‘సూ’కు ‘చూ’తోనూ ‘పం’కు ‘వ’తోనూ యతి నిక్షేపంగా కుదిరింది కాబట్టి ఆ ఆక్షేపణ బ్యాంకుల మీద కోపంతో చేసిందే తప్ప ఛందస్సు తెలిసి చేసింది కాదు.

నాయకుడు యాభై దాటినవాడు. రాజమండ్రి నుంచి బదిలీ మీద వచ్చాడు. పిల్లలిద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఎంవీపీ కాలనీలో అద్దె ఇల్లు కుదిరింది, అడ్వాన్సూ ఇచ్చేశారు, ఇంతలో ఆషాఢం వచ్చిపడింది. ఆషాఢంలో కొత్త ఇంట పాలు పొంగించకూడదని నాయిక, నాయిక తల్లి, నాయకుడి తల్లి ముగ్గురూ ఒకే మాట అన్నారు. అత్తాకోడళ్ళూ వియ్యపురాళ్ళూ ఒక్క మాట మీద నిలిచారంటే దాన్ని శ్రుతివాక్యంగానే గ్రహించాలి. అందుచేత శ్రావణం వచ్చేదాకా హోటల్ గదే ఇల్లు, రెస్టారెంటే వంటిల్లు అయ్యాయి.

ఇక్కడొక వైపరీత్యం ఉంది. మనవాళ్ళకు ఆషాఢమంటే ఎడబాటు. కొత్త కోడలు పుట్టింటికి వెళ్ళిపోతుంది, అల్లుడు అత్తవారి గడప తొక్కడు. కాళిదాసు యక్షుడు కొండ మీద మబ్బును చూసి కుమిలిపోయింది కూడా ఈ నెలలోనే. అది ఆషాఢం మొదటి రోజా, ముగిసే రోజా అని వ్యాఖ్యాతలు పాఠభేదాల మీద తగువులాడుకుంటే, మెతుకుసీమ కొల్చారం వాడైన మన మల్లినాథసూరి మొదటి రోజే అని తేల్చాడు. కొత్త జంటలను విడదీసే ఆ ఆషాఢమే ఈ పాత జంటను ఒక బల్ల దగ్గర కూచోబెట్టింది. మూలంలో లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని మల్లినాథుడు ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన సంజీవని అంటే ప్రస్తుత వ్యాఖ్యాతకు గౌరవమే గాని, ఆ ఒట్టుతో తనకు సంబంధం లేదు.

ప్రతిపదార్థం

సూపునొకటె: ఒకే ఒక్క సూపును. ఏ సూపో కవి చెప్పలేదు. టమాటా సూపని ఒక వాదం. అది నిలవదు. టమాటా అయితే నాయిక “ఇది మన చారేగా, దీనికింత రేటా?” అనేది, అప్పుడు నాలుగో పాదంలోని నవ్వుకు చోటుండదు. మంచావ్ అని మరో వాదం. మంచావ్‌లో సూపును పంచుతారు గాని, మీద చల్లుకునే కరకర నూడుల్స్ మాత్రం ఒకటే చిన్న గిన్నెలో వస్తాయి. దాంతో మొగుడూ పెళ్ళాల మధ్య ఆస్తి తగాదా పుడుతుంది, రసం వీరంలోకి తిరుగుతుంది. కనుక అది స్వీట్ కార్న్ సూపే.

చూపులు రెండయి: ఇద్దరికీ కలిపి కళ్ళు నాలుగు కదా, రెండెందుకయ్యాయని శంక. ఇవి నాయకుడి ఒక్కడి చూపులే. ఒకటి మెనూ కార్డులో కుడివైపు అంకెల మీద ఉంది, రెండోది నాయిక మీద ఉంది. ఏకకాలంలో రెండు చోట్ల చూపు నిలపడం గృహస్థులకు అభ్యాసం వల్ల వచ్చే సిద్ధి.

యెదురు కూరుచున్న: పద్యానికి ప్రాణం ఈ మాటలోనే ఉంది. పైపైన చూసేవాళ్ళు ఇది గణాలు నింపడానికి వేసిన మాట అనుకుని దాటిపోతారు. నాయిక ఎదురుగా కూచుని తినడం ఈ దంపతుల చరిత్రలో ఎంత అరుదైన ఘటనో తెలిస్తే అలా దాటిపోలేరు. ఇంట్లో టిఫిన్ వేళ ఆమె స్థానం పొయ్యి దగ్గర. పెనం మీంచి మొదటి దోసె ఆయనకు వెళ్తుంది, రెండోదీ ఆయనకే, నడుమ పచ్చడి చాలిందా అనే వాకబు. “నువ్వూ కూచోవోయ్” అని ఆయన అంటూనే ఉంటాడు. పెనం మీద దోసె మాడుతుంటే ఎవరు కూచుంటారు? ఆఖరున పిండి గిన్నె గీకి పోసిన దోసె ఒకటుంటుంది. సగం మందం, సగం చిల్లులు. దాన్ని గట్టు దగ్గరే నిలబడి, ఎడంచేత్తో స్టవ్ తుడుస్తూ తినేస్తుంది. ఆయన అప్పటికి చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉంటాడు. పిల్లలు పుట్టి, పెరిగి, వెళ్ళిపోయినా ఈ క్రమం మారలేదు.

హోటల్‌కు వచ్చిన కొత్తలో కూడా మారలేదు. వెయిటర్ నీళ్ళు తేవడం ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు, నాయిక కుర్చీలోంచి సగం లేచేది. తినడం కాగానే రెండు పళ్ళేలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, గిన్నెలు పైన పేర్చి, టిష్యూతో బల్ల తుడవబోయేది. “అమ్మా, ఉంచండమ్మా, మా సూపర్‌వైజర్ చూస్తే నన్నంటాడు” అని ఆ కుర్రాడు బతిమాలాల్సి వచ్చేది. కొన్ని పూటలకు గాని ఆ చేతులు బల్ల మీద ఊరికే ఉండటం నేర్చుకోలేదు. ఊరికే ఉన్న చేతులకు గాజులు సర్దుకునే తీరిక దొరుకుతుంది. ఎదుటివాడికి ఆ గాజులు చూసే తీరిక దొరుకుతుంది. ‘కూరుచున్న’ అన్న దీర్ఘరూపం అందుకే పడింది. ‘కూచున్న’ అంటే అంతసేపు కూచున్నట్టు ఉండదు.

పూటకూటి భోజనం మన సాహిత్యానికి కొత్త కాదు. క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు అంతా తిరిగి పూటకూళ్ళ ఇంటి ముచ్చట్లు చెప్పుకున్నారు. ఒక్క రూకకు అక్కడ దొరికే భోజనాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. కాని అక్కడున్నది స్నేహితులిద్దరు. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గిరీశం విజయనగరంలో పూటకూళ్ళమ్మ ఇంట చాలాకాలమే మకాం వేశాడు. ఆ దీర్ఘవాసం చీపురుకట్ట దగ్గరా మంచం కిందా తేలింది గనుక దాన్ని ఇక్కడ ప్రమాణంగా తీసుకోం. సొంత పెళ్ళాంతో పూటకూడు తిన్న నాయకుడు ప్రబంధాల్లో ఎక్కడా తగలడు.

యింతి వినగ: ఆమెకు వినబడేటట్లు. వెయిటర్‌కు వేలు చూపించినా సరిపోయేది. గట్టిగా అన్నాడంటే మాట ఆమె కోసం.

బాబు: వెయిటర్‌కు సంబోధన. శ్రీకాకుళం కుర్రాడు. మొదట్లో వీళ్ళను “సార్, మేడమ్” అన్నవాడు, తర్వాత నాయికను “అమ్మా” అన్నాడు, ఆపైన మెనూ ఇవ్వడమే మానేసి “అదేనా?” అని అడగడం మొదలుపెట్టాడు. ఆ ‘అదేనా’ లభించిన రోజే హోటల్ వాసం దీర్ఘవాసం అయినట్టు లెక్క.

వన్బైటుగాన్: ఒకదాన్ని రెండుగా. ‘టూ’ అనే దీర్ఘం తగణం కోసం కురచైంది. కవులకు ఆ స్వతంత్రం ఉంది, ఆంగ్లేయులు అభ్యంతరం చెప్పలేదు. గణితంలో ఇది సగం. హోటల్‌లో సగం కాదు. రెండు గిన్నెలు ముక్కాలు నిండుగా వస్తాయి. రెండు సగాలు కలిస్తే ఒకటికి మించడం దాంపత్యానికి సంకేతమని ఒక రసికుడు నాలుగు పేజీలు రాశాడు. ప్రస్తుత వ్యాఖ్యాత విచారించగా వంటగదిలో గరిటె పెద్దదని తేలింది.

శంక: రెండో పాదంలో ‘ఇంతి’, నాలుగో పాదంలో ‘మగువ’ అన్నాడు. ఇద్దరు స్త్రీలా? సమాధానం: ఇద్దరుంటే వన్ బై త్రీ అయ్యేది.

నవ్వె: ఎందుకు నవ్వింది? వావిళ్ళవారి పుస్తకాల్లో అయితే ఇక్కడ “స్పష్టము” అని వేసి వదిలేసేవారు. కాని స్పష్టమైనది ఏమీ లేదు. మగడి పొదుపు చూసి నవ్విందన్నది వాచ్యార్థం. పెళ్ళైన కొత్తలో రాజమండ్రి గోదావరి గట్టున ఒక కాఫీని సాసరులో ఒకరు, గ్లాసులో ఒకరు తాగిన సంగతి గుర్తొచ్చి నవ్విందన్నది లక్ష్యార్థం. వ్యంగ్యార్థం వేరు. నాయకుడికి స్వీట్ కార్న్ సూపు పడదు. తీపి సూపేమిటని మొహం చిట్లిస్తాడు. ఆమెకు ఇష్టమే గాని పూర్తి గిన్నె చెప్తే “నాకొక్కదానికా, వద్దులెండి” అంటుంది. అందుకని వన్ బై టూ చెప్తాడు, తన గిన్నెలో మూడు చెంచాలు తాగినట్టు నటించి, మిరియాలు ఎక్కువయ్యాయని ఆమె వైపు జరుపుతాడు. మిరియాలు చల్లుకున్నది ఆయనే. ఆమెకు ఇదంతా తెలుసు. తెలుసని ఆయనకూ తెలుసు. ఇంత తతంగం ఒక చిరునవ్వులో ఇమిడింది.

రసవిచారం

భరతుడు నాట్యశాస్త్రంలో రసమంటే ఏమిటో చెప్పాల్సి వచ్చినప్పుడు భోజనాన్నే ఉదాహరణగా తెచ్చాడు. నానా వ్యంజనాలతో వండిన అన్నం తిని మంచి మనసున్నవాడు ఆనందించినట్టు, ప్రేక్షకుడు భావాలను ఆస్వాదిస్తాడన్నాడు. వ్యంజనమంటే కూరా పచ్చడీ, వ్యంజన అంటే ధ్వని. కాబట్టి అల్లప్పచ్చడి లేకుండా ధ్వని లేదని ఈ వ్యాఖ్యాత మతం. పొద్దున బఫేలో పుచ్చకాయ ముక్కలు, కార్న్‌ఫ్లేక్స్, పూరీ, పొంగలి అన్నీ దాటుకుని వెళ్ళి అల్లప్పచ్చడి గిన్నె ఏ మూల ఉందో కనిపెట్టి, ఆమె అడక్కుండానే రెండు చెంచాలు వేసి తెచ్చాడు నాయకుడు. భార్య పళ్ళెంలో ఆయన వడ్డించిన మొదటి పదార్థం అదే కావచ్చు. ఆమె ఏమీ అనలేదు. ఇడ్లీ తుంచి అందులో అద్దింది.

శృంగారం ఇక్కడ సంభోగమా, విప్రలంభమా? రెండూ ఉన్నాయి. హోటల్ గదికి తాళంచెవి బదులు కార్డు ఉంటుంది. లోపల గోడకున్న అరలో దాన్ని పెడితేనే దీపాలూ ఏసీ పనిచేస్తాయి. ఉన్నది ఒక్క కార్డు. అది పట్టుకుని ఆయన ఆఫీసుకు పోతే ఆమె ఉక్కపోతలో చీకట్లో కూచోవాలి. అందుకని కార్డు వదిలి వెళ్ళి, సాయంత్రం వచ్చి తలుపు తట్టాలి. ఇంటికి తాళంచెవితో వచ్చే మనిషి తలుపు తట్టే మనిషయ్యాడు. ఆమె తలుపు కంతలోంచి చూస్తుంది. చూశాక కూడా “ఎవరండీ?” అంటుంది. ఆయన “రూమ్ సర్వీస్” అంటాడు. “మేమేం చెప్పలేదే” అని లోపల్నుంచి జవాబు. ఎదురు గదిలోవాళ్ళు తలుపు తీస్తే ఆ సంభాషణ ఠక్కున ఆగిపోతుంది, ఇద్దరూ చాలా గౌరవనీయులైన మనుషులైపోతారు.

నాయికను వాసకసజ్జిక అందామంటే అడ్డు ఉంది. పడకను అలంకరించి ప్రియుడి కోసం ఎదురుచూసేది వాసకసజ్జిక. ఇక్కడ పడక సర్దింది హౌస్‌కీపింగ్ అమ్మాయి. తువ్వాలును హంసలా మడిచి పెట్టింది కూడా ఆమే. నాయిక చేసిందల్లా ఆ హంసను విప్పడానికి మనసు రాక, తడి చేతులు చీర కొంగుకు తుడుచుకోవడం. స్వాధీనపతిక అనడమే సబబు.

ఆషాఢ పున్నమికి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ. ముప్పై రెండు కిలోమీటర్లు నడిచే జనంతో హోటలంతా కిటకిటలాడింది. కిటికీ బల్ల ఖాళీ లేదు. రెండు కుటుంబాలు కూచున్న పొడుగు బల్ల చివర వీళ్ళకు పక్కపక్కన చోటు దొరికింది. ఆ రాత్రి సూపు చెప్పలేదు. పద్యం కూడా పుట్టలేదు. ‘ఎదురు’ అనే పదం మీద ఇందాక అంతసేపు ఎందుకు ఆగామో దీన్నిబట్టి గ్రహించాలి.

తాత్పర్యం

ఒక సూపు చెప్పి, దాన్ని ఇద్దరికీ పంచమన్న భర్తను చూసి భార్య నవ్వింది.

శేషం

బిల్లు కూడా మూలంలో భాగమే అని ఒక సంప్రదాయం. గది అద్దె 7,500 రూపాయలు దాటని హోటల్ కనుక భోజనం మీద పన్ను 5 శాతం. 2017 నవంబరులో తగ్గించినప్పటి నుంచీ ఇదే. అందులో 2.5 కేంద్రానిది, 2.5 రాష్ట్రానిది. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు వరసల్లో పక్కపక్కన అచ్చువేస్తారు. ప్రభుత్వాలు సైతం వన్ బై టూయే తాగుతున్నాయని నాయకుడు అన్నట్టూ, ఇలాంటివి మీ బ్యాంకులో చెప్పుకోండని నాయిక అన్నట్టూ సాక్షులున్నారు.

అదే బల్ల దగ్గర దొరికిన ఇంకో టిష్యూ మీద పెరుగన్నం గురించి రెండు పాదాలున్నాయి. యతి పూర్తిగా చెడింది. పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసినందుకు వంటవాణ్ణి తిట్టడమే గాని అందులో శృంగారం లేదు. ఆ గింజలన్నీ నాయకుడి పళ్ళెంలోంచి ఏరి ఎవరు తిన్నారో కవి రాయలేదు. దానికి టీక అక్కర్లేదు.