రేవు దాకా నేను

నన్ను చూసిన ప్రతి ప్రయాణికుడూ మనసులో కోరుకునేది ఒక్కటే, నాతో పని పడకూడదని. నేను ఓ విహారనౌక పక్కన ఇనుప చేతులకు వేలాడే లైఫ్‌బోటుని. 1912లో టైటానిక్ మునిగినప్పుడు దాని మీదున్న పడవలు అందులోని జనంలో సగం మందికి కాస్త ఎక్కువగా మాత్రమే సరిపోయేవి. ఆ ఘోరం తర్వాత 1914లో సముద్రం మీద ప్రాణరక్షణ కోసం సోలాస్ ఒప్పందం పుట్టింది. అప్పట్నుంచి మా జాతికి చట్టాల మీద చట్టాలు. మామూలుగా ఒక పడవకి 150 మందికి మించి అనుమతి ఇవ్వరు. మూడు నెలలకొకసారైనా నీళ్లలోకి దించి నడిపి చూడాలి. నా పొట్టలో మనిషికి మూడు లీటర్ల చొప్పున నీళ్లు, గట్టి బిస్కెట్లు, రెండు రోజులకు సరిపడా వాంతుల మాత్రలు, ఓ గాలం సామగ్రి ఉంటాయి. ఆ గాలాన్ని ఇంతవరకు ఎవరూ విప్పలేదు. విప్పకపోతేనే నయమని నాకూ తెలుసు.

కానీ మాలో కొందరికి రెండో కొలువు ఉంది. రేవులో ఓడకి చోటు లేకపోయినా, లోతు చాలకపోయినా కెప్టెన్ దూరంగా లంగరు వేయిస్తాడు. అప్పుడు మమ్మల్ని దించి జనాన్ని ఒడ్డుకు చేరవేయిస్తారు. ఆ పూటకి మా పేరు టెండర్. ప్రాణాలు కాపాడాల్సినదాన్ని, టోపీలూ కెమెరాలూ మోస్తాను. నామోషీ ఏమీ లేదు. పొద్దున తీసుకెళ్లిన ముఖాలనే సాయంత్రం తీసుకొస్తాను కాబట్టి, ఎవరి రోజు ఎలా గడిచిందో ఓడ మీద నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నాకు తెలుగు రావడానికి కారణం నన్ను నడిపే కుర్రాడు. వాడిది భీమిలి, చేపలు పట్టే ఇల్లు. ప్రయాణికులకు నాలుగు భాషల్లో నమస్కారాలు చెబుతాడు గానీ, ఇంజను మొరాయించినప్పుడు మాత్రం సొంత యాసలోకి దిగిపోతాడు. "ఏటమ్మా, అలిగినావేటి?" అంటాడు. అలగను. డీజిల్ ఫిల్టరు మార్చమంటాను.

ఈ మధ్య పిరేయస్‌లో ఓ తెలుగు కుటుంబం ఎక్కింది. కాకినాడ వాళ్లు, లండన్‌లో ఉంటున్నారు. కొడుకు, కోడలు, ఎనిమిదేళ్ల మనవడు, మోకాళ్ల నొప్పులున్న మామ్మగారు. నేను వేలాడే చోటుకి సరిగ్గా కిందే పచార్లు చేసే డెక్కు ఉంది. రాత్రి భోజనాలయ్యాక అక్కడ కుర్చీలు వేసుకుని మర్నాటి ఊరి గురించి వాదించుకునేవారు. ఒడ్డున తిరిగే యాత్రల (షోర్ ఎక్స్‌కర్షన్ల) పుస్తకం కోడలి చేతిలో, ఫోను కొడుకు చేతిలో.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. ప్రతి యాత్ర పక్కనా నడిచే మనిషి బొమ్మ ఉంటుంది. తేలిక, మితం, కఠినం అని మూడు రకాలు. ఆ 'మితం' అన్నమాటలో లోకంలోని మెట్లన్నీ ఇమిడిపోతాయి. బస్సులో ఎంతసేపు కూర్చోవాలి, మెట్లెన్ని, ఎండలో నిలబడాలా నీడ ఉంటుందా అన్నవి చిన్న అక్షరాల్లో ఉంటాయి, లేదా అడిగితే గానీ చెప్పరు. ఫోటోలో నీలిగుమ్మటం చూసి డబ్బు కట్టినవాళ్లని నేను సాయంత్రం మోసుకొచ్చాను. వాళ్లు గుమ్మటం గురించి ఒక్కమాటైనా అనలేదు, పాదాల గురించి చాలా అన్నారు.

మొదటి ఊరు శాంటొరినీ. అక్కడ నేను ఊరికే వేలాడాను. అగ్నిపర్వతం పేలి కుంగిన గుంటలోకి సముద్రం చొరబడిన చోటది, లోతు 300 మీటర్లు దాటుతుంది, లంగరు అందదు. పైగా జనాన్ని మోసే పని స్థానిక పడవలవాళ్లది. వాళ్ల పొట్ట వాళ్లది, కాదనను. పాత రేవుకి పైన, కొండ నెత్తిన ఫిరా ఊరు ఉంది. పైకి పోవడానికి కేబుల్ కారు, లేదంటే 580కి పైగా మెట్లు, అదీ కాదంటే కంచరగాడిద. ఆ గాడిదల మీద 100 కిలోలకు మించి బరువు వేయకూడదని గ్రీసు 2018లో నియమం పెట్టింది. నాకైతే వాటి మీద ఎవరూ ఎక్కకపోతేనే బాగుండనిపిస్తుంది. నాకు కనీసం ఇంజనుంది.

ఓడ వాళ్ల యాత్ర తీసుకున్నవాళ్లని అథినియోస్ అనే ఇంకో రేవులో దించి, బస్సుల్లో కొండెక్కిస్తారు. మామ్మగారి కోసం అదే తీసుకున్నారు. కొడుకు ఇయా అనే ఊళ్లో సూర్యాస్తమయం చూద్దామన్నాడు. కోడలు ఓడ బయల్దేరే వేళ చూపించింది, సూర్యుడికంటే ముందే ఓడ వెళ్లిపోతుంది. చివరికి అక్రోటిరి ఖాయమైంది. సుమారు 3,600 ఏళ్ల కిందట బూడిదలో పూడిపోయిన ఊరు. 1967లో స్పిరిడాన్ మరినాటోస్ తవ్వకం మొదలుపెట్టాడు. ఇప్పుడు పైన కప్పుంది కాబట్టి నీడలో తిరగొచ్చు. రాత్రి మనవడు డెక్కు మీద ఒకటే ప్రశ్న వేశాడు.

"నాన్నా, అంత ఊరు పూడిపోతే ఒక్క మనిషి ఎముకైనా దొరకలేదేం?"

"ముందే భూమి కంపించి ఉంటుంది రా. ఊరొదిలి వెళ్లిపోయి ఉంటారు."

"పడవల్లోనా?"

ఆ ప్రశ్న నాకు భలే నచ్చింది.

అయితే దిగేటప్పుడు మాత్రం అందరికీ ఒకటే గతి. బస్సు ఫిరాలో వదిలేస్తుంది, కేబుల్ కారు దగ్గర వరస కొండ అంచు దాకా పాకుతుంది. రోజుకు 8,000 మంది ఓడ ప్రయాణికులకు మించకూడదని ఆ ద్వీపం వాళ్లు 2025 నుంచి హద్దు పెట్టుకున్నారు. ఆ ఏడాది జూలై నుంచి, రద్దీ నెలల్లో దిగే ఒక్కొక్కరికీ 20 యూరోల సుంకం కూడా మొదలైంది. ఆ వరసలో ఎండలో నిలబడ్డ మామ్మగారు ఆ రాత్రి ఒక తీర్మానం చేశారు.

"ఇకమీదట ఎక్కడికెళ్దామన్నా ముందు నన్నడగండి. అక్కడ కూర్చోడానికి చోటుందా, అది చెప్పండి చాలు."

తర్వాతిది కొటోర్. నాకు ప్రాణమైన రేవు. మాంటెనెగ్రో కొండల మధ్యకి సముద్రం వంకర్లు తిరుగుతూ దూరి వస్తుంది. వెరిగె అనే చోట రెండు ఒడ్ల మధ్య ఎడం 340 మీటర్లే. అక్కడ ఓడ దూరుతుంటే జనం తెల్లారకముందే డెక్కు మీదికి వచ్చేస్తారు, నా కింద నిలబడి దుప్పట్లు కప్పుకుని కాఫీ తాగుతారు. డబ్బు కట్టక్కర్లేని ఈ యాత్ర పుస్తకంలో లేదు. నిద్రపోయి దీన్ని పోగొట్టుకుని, పదింటికి బస్సుకి డబ్బు కట్టేవాళ్లంటే నాకు జాలి.

రేవులో అప్పటికే ఇంకో ఓడ ఉంది, కాబట్టి మాది లంగరు వేసింది, నేను దిగాను. టెండర్ ఊళ్లలో ఒక మర్యాద ఉంది. ఓడ యాత్రలు కొన్నవాళ్లు ముందు దిగుతారు. మిగతావాళ్లు నంబరు చీటీ తీసుకుని హాల్లో కూర్చోవాలి. పొద్దున్నే బయట టాక్సీ మాట్లాడుకున్నవాళ్లు ఆ చీటీ చూసి గోళ్లు కొరుక్కుంటారు. అలలు ఎక్కువైతే కెప్టెన్ ఆ ఊరే రద్దు చేస్తాడు. అప్పుడు ఓడ యాత్రలకు కట్టిన డబ్బు తిరిగొస్తుంది, బయట కట్టింది వస్తుందో రాదో వాళ్ల షరతుల్ని బట్టి.

కొటోర్ కోటగోడ ఊరి వెనక కొండ మీదికి పాకుతుంది, పైన సెయింట్ జాన్ కోట దాకా 1,350 మెట్లు. కొండ తూర్పున ఉంది కాబట్టి పొద్దున అంతా నీడే. ఎక్కేవాళ్లు అప్పుడే ఎక్కాలి. కొడుకు, కోడలు మొదటి చీటీల్లోనే దిగి అటు పోయారు. మామ్మగారూ మనవడూ మాత్రం 12 కిలోమీటర్ల అవతలున్న పెరాస్ట్‌కి వెళ్లే చిన్న యాత్ర తీసుకున్నారు.

"అత్తయ్యగారూ, మీకు తోడుగా నేను రానా?"

"వీడున్నాడుగా. నువ్వు వెళ్లి ఆ మెట్లన్నీ ఎక్కేసి రా, నా వంతు కూడా."

పెరాస్ట్ ఎదురుగా నీళ్లలో ఓ చిన్న ద్వీపం ఉంది. దాన్ని మనుషులే తయారుచేశారు. 1452లో ఇద్దరు నావికులకు అక్కడి రాయి మీద మరియమ్మ పటం దొరికిందని చెప్పుకుంటారు. ఆ రాయి చుట్టూ రాళ్లు పోసి, పాత పడవల్ని రాళ్లతో నింపి ముంచి, నేలనే పెంచి గుడి కట్టారు. ఇప్పటికీ ఏటా జూలై 22న ఊరివాళ్లు పడవల్లో వెళ్లి రాళ్లు వేసి వస్తారు. పాత పడవలకు అలాంటి చివరి కొలువు దొరకడం నాకు గర్వంగా ఉంది, కాస్త గుబులుగానూ ఉంది.

మధ్యాహ్నం మామ్మగారు నాలోకి వచ్చి కూర్చున్నప్పుడు ముఖం వేరేగా ఉంది. పక్కనున్న కోడలితో అన్నారు:

"ఆ గుళ్లో ఓ కుట్టుపని పెట్టారమ్మా. యాసింతా అనే ఆవిడ కుట్టిందిట. ఇరవై అయిదేళ్లు. పట్టుదారాలూ బంగారు తీగా, వాటితో పాటు తన జుట్టు కూడా. దేవదూతల తలలకి ఆవిడ వెంట్రుకలే. మొదట్లో కుట్టినవి పసిడిరంగు, చివరివి తెల్లవి."

"మొగుడి కోసమా?"

"సముద్రం మీదికి వెళ్లినవాడి కోసం అన్నాడు గైడు. వచ్చాడో లేదో నేను అడగలేదు."

భీమిలి కుర్రాడు ఇంజను చప్పుడు తగ్గించి వింటున్నాడు. కోట ఎక్కివచ్చిన కొడుకు ఫోనులో ఫోటోలు చూపిస్తున్నాడు. బాగానే ఉన్నాయి. కానీ ఆ పూట పడవలో అందరూ విన్నది మామ్మగారినే. తెలుగు రానివాళ్లు కూడా ఆవిడ వేళ్లు గాల్లో కుడుతుంటే చూశారు.

నేపుల్స్, రోమ్, ఫ్లోరెన్స్ గురించి నేను చెప్పగలిగేది తక్కువ, అక్కడ ఓడ గట్టునే ఆనుకుంటుంది. పైనుంచి చూసిందే. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. ఓడ కార్యక్రమంలో 'రోమ్' అని ఉంటుంది గానీ, ఓడ ఆగేది చివితవెక్కియాలో. రోమ్ అక్కడికి 70, 80 కిలోమీటర్ల దూరం. 'ఫ్లోరెన్స్' అంటే లివోర్నో, మళ్లీ అంతకంటే ఎక్కువ దూరం. తెల్లవారుజామునే గట్టు మీద బస్సులు బారులు తీరతాయి. దారికే నాలుగు గంటలు పోతే మిగిలిన వేళలో కొలోసియం ముందు ఫోటో, సెయింట్ పీటర్స్ ముందు ఫోటో. ఇలాంటి దూరపు ఊళ్లకి మాత్రం ఓడవాళ్ల బస్సే మేలంటాను, ఖరీదు ఎక్కువైనా సరే. దారిలో రద్దీ వల్ల ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాడి కోసం ఆగదు. టైమయ్యాక అతని గది తెరిచి, సేఫ్‌లోంచి పాస్‌పోర్టు తీసి రేవులోని ఏజెంటుకి అప్పగిస్తారు. తర్వాతి ఊరికి ఎలా చేరతాడో అతని ఇష్టం, అతని ఖర్చు. ఫోను గడియారం నమ్ముకుని దెబ్బతిన్నవాళ్లున్నారు. గ్రీసుకీ మాంటెనెగ్రోకీ మధ్య గంట తేడా. ఫోను ఊరి టైము చూపిస్తుంది, ఓడ తన టైము ప్రకారమే పోతుంది.

విల్‌ఫ్రాంష్ దగ్గర మళ్లీ నా వంతు వచ్చింది. ఫ్రాన్సు దక్షిణ తీరంలో చిన్న ఊరు. రేవు నుంచి నడిచిపోయేంత దూరంలోనే రైల్వే స్టేషన్, నీస్‌కి పది నిమిషాలు కూడా పట్టదు, మొనాకో కూడా దగ్గరే. ఇక్కడ బస్సు యాత్రకి డబ్బు పోయడం అనవసరం. అయితే కొడుకు దగ్గరుంది కదా అని నీస్, ఏజ్ అనే ఊరు, మొనాకో మూడూ ఒక్కరోజులో పెట్టాడు.

"మేం ఇక్కడే ఉంటాం," అన్నారు మామ్మగారు, బల్ల మీద కూర్చుంటూ. మనవడు అప్పటికే ఆవిడ వైపు చేరిపోయాడు.

చివరి టెండర్‌కి ముందు నేను గట్టుకి కట్టేసి ఉన్నాను. మామ్మగారూ మనవడూ ఎప్పుడో వచ్చి రేవు మీదే కూర్చున్నారు. కొడుకు, కోడలు ఇంకా రాలేదు. భీమిలి కుర్రాడు తాడు పట్టుకుని అడిగాడు:

"ఏటి చూసినారు మామ్మగారూ?"

"ఇదిగో, ఈ ఎదురుగా ఉన్న చిన్న గుడి. ఒకప్పుడు జాలరులు వలలు దాచుకునేవారుట ఇందులో."

"వలలా? ఇంకా ఉన్నాయేటి?"

"లేవు నాయనా. కోక్తో అనే ఆయన 1957లో గోడల నిండా బొమ్మలు వేశాడు. జాలరి ఆడవాళ్లున్నారు, చేపలున్నాయి. ఓ చోట పీటర్‌గారు నీళ్ల మీద నడుస్తున్నాడు. దేవదూత పట్టుకుంటే గానీ నడవలేకపోతున్నాడు పాపం, చేపలు నోళ్లు తెరిచి చూస్తున్నాయి."

"అంత కష్టమెందుకండీ. మా పడవెక్కితే సరిపోను."

వాడి టోపీ మీద చిన్న దెబ్బ వేసి ఆవిడ నవ్వారు. ఇంతలో కొడుకు, కోడలు పరిగెత్తుకుంటూ వచ్చారు, ఇద్దరి ముఖాలూ ఎర్రగా కంది ఉన్నాయి. కుర్రాడు లెక్క చూసి తాడు విప్పాడు.

"ఏజ్ ఎలా ఉంది రా?" అన్నారు మామ్మగారు.

కొడుకు ఊపిరి తీసుకుని, "స్టేషన్ చూశామమ్మా," అన్నాడు. "ఊరు నాలుగు వందల మీటర్లు పైన ఉందిట."