కాంటా ఎక్కిన సంక్రాంతి

మొన్నటి సంక్రాంతికి మావాడు పట్నం నుంచి రెండు వస్తువులు తెచ్చాడు. ఒకటి, టీవీ వెనక గుచ్చితే ప్రపంచంలోని సినిమాలన్నీ దిగిపోయే చిన్న పుల్ల. రెండోది మనుషుల బరువు తూచే గాజుపలక. మొదటిది ఇంట్లోకి రావడం వల్ల రెండోదానికి పని పడింది. రెండోదాని వల్ల నా పరువుకు పని పడింది.

కోహీర్ చలి సంగతి మీకు తెలిసే ఉంటుంది. రాష్ట్రంలో అందరికంటే ఎక్కువగా ఎవరు వణికారని పేపరోళ్ళు లెక్కలు తీసినప్పుడల్లా మా ఊరి పేరు పైవరసలో కనబడుతుంది. ఏడు కొట్టేసరికి తలుపులు బిడాయించి, రగ్గులు కప్పుకుని టీవీ ముందు కూర్చోవాల్సిందే. మా అమ్మ, నేను, మా ఆవిడ, కొడుకు, ఎనిమిదో తరగతి చదివే కూతురు. ఐదుగురం కలిసి చూడదగ్గది దొరకడమే కష్టం. సినిమా పెడితే హీరోయిన్ వానలో తడుస్తుంది, నాకు అర్జెంటుగా దాహమేస్తుంది. వెబ్ సిరీస్ పెడితే మొదటి నిమిషంలోనే బూతు, నాకు దగ్గొస్తుంది. అత్తాకోడళ్ళ సీరియల్ మాకు అక్కర్లేదు, ఇంట్లో లైవ్ నడుస్తూనే ఉంటుంది.

"ఇది అందరం చూడొచ్చు నాయినా. ముద్దుల్లేవు, నరుక్కునుడు లేదు" అని మావాడు 'ది బిగ్గెస్ట్ లూజర్' పెట్టాడు.

అమెరికాలో ఎన్‌బీసీ వాళ్ళు 2004లో మొదలుపెట్టిన షో ఇది. బాగా లావుగా ఉన్నవాళ్ళను ఒకచోట చేర్చి, తిండి కోసి, చెమటలు కక్కేదాకా పరిగెత్తించి, వారానికోసారి అందరి ముందూ కాంటా ఎక్కిస్తారు. సరిగ్గా కరగనివాళ్ళలో ఒకరికి ఇంటిదారి. చివరికి అందరికంటే ఎక్కువ కరిగినవాళ్ళకు రెండున్నర లక్షల డాలర్లు. 2007లో సహారా వన్ చానల్ దీన్ని 'బిగ్గెస్ట్ లూజర్ జీతేగా' అని సునీల్ శెట్టితో హిందీలో నడిపింది. తెలుగు వెర్షన్ మా ఇంట్లో, భోగి ముందు రాత్రి మొదలైంది.

టీవీలో ఒకాయన కాంటా మీద నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మేం సకినాలు నములుతున్నాం.

"గా పిలగాడు ఎందుకేడుస్తుండురా?" అంది మా అమ్మ.

"బరువు తగ్గిండు అవ్వా. సంతోషంతోని."

"బక్కగైతే సంతోషమేంది? ఎవలన్న పైసలిస్తరా?"

"గెలిస్తే రెండు కోట్ల పైనే ఇస్తరు."

అమ్మ చేతిలో సకినం నోటిదాకా పోకుండా ఆగిపోయింది. "మరి కరువుల మా ఊరు ఊరంత బొక్కలు తేలింది గద. ఒక్కడన్న వచ్చి రూపాయిచ్చిండా?"

ఆమెకు ఈ ఆట నియమాలు ఎక్కించడం మా వల్ల కాలేదు. తప్పు ఆమెది కాదు. మా దగ్గర బరువంటే డబ్బు. జామకాయ బరువుంటే రేటు, చెరకు బండి బరువుంటే రేటు. చుట్టం గడప తొక్కగానే "అయ్యో, గింత బక్కగైనవేంది" అంటే పరామర్శ, "మంచిగ ఒళ్ళు చేసినవ్" అంటే ఆశీర్వాదం. పట్నంలో ఇదే మాట అంటే తిట్టు. కోహీర్ నుంచి అక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకే, అర్థం మాత్రం పూర్తిగా తిరగబడుతుంది. జొన్న, సజ్జ, కొర్రల సంగతీ అంతే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక వాటిని పేదోళ్ళ తిండని పక్కకు నెట్టారు. అదే 1983లో పుట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, ఇక్కడికి దగ్గరే పస్తాపూర్ చుట్టుపక్కల వాటిని వదలకుండా పండించి, 2019లో ఈక్వేటర్ ప్రైజ్ తెచ్చుకున్నారు. ఇప్పుడు అవే కొర్రల ప్యాకెట్ మీద సన్నటి అమ్మాయి బొమ్మేసి మావాడికే అమ్ముతున్నారు. వాడు దాన్ని డైట్ అంటాడు. మా అమ్మ బువ్వ అంటుంది.

షో అయిపోగానే మావాడికి పూనకం వచ్చింది. గాజుపలక నేలమీద పెట్టి, గోడ క్యాలెండర్‌లో పండగ తేదీల పక్కన మా పేర్లు రాశాడు. నన్ను ఎక్కించారు. అంకెలు మూడుసార్లు మిణుకుమిణుకుమని 92 దగ్గర ఆగాయి. ఆ క్షణందాకా నన్ను నాయినా అని పిలిచిన కొడుకు కోచ్ అయిపోయాడు. "గీ సకినాల గిన్నె ముందు పక్కకు పెట్టు" అని గద్దించాడు. మా ఆవిడ జడ్జీ. ఆమెను ఎక్కమన్నప్పుడల్లా పొయ్యి మీద పాలు పొంగేవి. రెండు రోజుల్లో మా ఇంట్లో ఎన్ని పాలు పొంగాయో లెక్కేస్తే డెయిరీ పెట్టొచ్చు.

ఆ రాత్రి రగ్గులో దూరి, ఆత్మరక్షణ కోసం ఫోన్లో ఈ షో పూర్వాపరాలు వెతికాను. మంచి ఆయుధమే దొరికింది. ఎనిమిదో సీజన్ గెలిచిన డ్యానీ కాహిల్ దాదాపు 195 కిలోల నుంచి 87కి దిగాడు. ఆ సీజన్ వాళ్ళలో 14 మందిని అమెరికా ప్రభుత్వ పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించింది. 13 మందికి బరువు మళ్ళీ పెరిగింది. నలుగురైతే షోకి రాకముందు కంటే ఎక్కువున్నారు. కరువొచ్చిందనుకుని ఒళ్ళు ఖర్చు తగ్గించుకుందట, మళ్ళీ పెంచలేదట. రోజుకు సగటున 500 కేలరీల తేడా, అంటే ఇంచుమించు మూడు జొన్నరొట్టెలు. కరువు లెక్క మా అమ్మ ముందే చెప్పింది కదా! 2025 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ఫిట్ ఫర్ టీవీ' డాక్యుమెంటరీలో, షోలో పాల్గొన్నవాళ్ళే కూర్చుని, అప్పుడు ఏమేం పడ్డారో చెప్పుకున్నారు.

పొద్దున్నే ఇదంతా మావాడికి అప్పజెప్పాను. "92 ఉన్నోళ్ళందరు గిట్లనే చెప్తరు" అన్నాడు.

భోగి నాడు మా ఇంట్లో నువ్వులద్దిన సజ్జరొట్టెలు. వంకాయ కూరతో నాకు లెక్కుండదు. మా కూతురికీ ఉండేది కాదు. ఆ రోజు ఒక్కటి తీసుకుని, సగం తుంచి, మిగతా సగం పళ్ళెం అంచు మీద పెట్టింది. "పానం మంచిగ లేదా బిడ్డా?" అంది మా అమ్మ. "కడుపు నిండింది" అంది పిల్ల.

రాత్రి పది దాటాక అవతలి గదిలోంచి పీక్ మని చిన్న చప్పుడు. కాసేపాగి మళ్ళీ పీక్. గాజుపలక ఎక్కి దిగితే వచ్చే చప్పుడది.

మన సినిమాల్లో లావుపాటివాడు కూర్చుంటే బెంచీ విరగాలి, మనం నవ్వాలి. 2015లో 'సైజ్ జీరో' కోసం అనుష్క నిజంగానే ఒళ్ళు పెంచి, సన్నబరిచే దుకాణాల మీద ఒక సినిమా చేసింది. అది వచ్చి వెళ్ళిపోయింది, బెంచీలు విరుగుతూనే ఉన్నాయి. ముద్దు సీనుకు మంచినీళ్ళ వంక పెట్టి లేచే నేను, టీవీలో ఆ మనిషిని కాంటా మీద ఏడిపిస్తుంటే సకినం కొరుకుతూ కూర్చున్నాను. పిల్ల పక్కనే ఉంది. ఇంట్లో ఒక్కరికీ దాహమెయ్యలేదు, దగ్గు రాలేదు.

తెల్లారి లేచి చూస్తే గాజుపలక లేదు. మా అమ్మ జామతోటకు పంపేసింది. "కాయలు తూసుకుంటరు, మనుషుల్ని తూసుడేంది" అని ఒక్కమాట, అంతే. మావాడు అలిగి, ఆ పూట కొర్రలు కూడా ముట్టలేదు. పిల్ల మధ్యాహ్నం రెండు రొట్టెలు తింది. నేను లెక్కపెట్టలేదు, కనబడింది.

సాయంత్రం తోట నుంచి ఫోన్. జామకాయలు కొనడానికొచ్చినవాళ్ళు ఆ మిషన్‌ను ఒప్పుకోవడం లేదట. ఏ గంప పెట్టినా రెండు కిలోలు ఎక్కువ చూపిస్తోందట. వెంటనే పోయి క్యాలెండర్‌లో 92 కొట్టేసి 90 రాశాను.