గ్యాస్ డాక్టరు గారి ఉద్యోగపర్వం

తెలుగునాట జీర్ణకోశ వ్యాధుల నిపుణుడు కాదలచిన యువకుడు మొదట గ్రహించవలసింది, ఆ రంగంలో తనకంటే ముందే ఇంటికి ఇద్దరు చొప్పున స్థిరపడి ఉన్నారన్న సంగతి. వాము నమిలించేవారు, జీలకర్ర కాచి తాగించేవారు, మజ్జిగలో ఇంగువ కలిపి ఇచ్చేవారు, మోకాలి నొప్పిని సైతం గ్యాస్ అని క్షణంలో తేల్చేవారు, వీరిలో ఎవరికీ పట్టా లేదు, ఎవరికీ రోగుల కొరతా లేదు. యువకుడికి మాత్రం ఒక నీట్ గట్టెక్కి ఎం.బి.బి.ఎస్.లో నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్‌గా వార్డుల్లో ఒక ఏడాది, రెండో నీట్ రాసి జనరల్ మెడిసిన్ ఎం.డి.లో మూడేళ్లు, మూడో నీట్ రాసి ఒకే అవయవ వ్యవస్థకు పరిమితమైన డి.ఎం. అనే పై పట్టాకు మరో మూడేళ్లు, వెరసి ఎక్కడా తప్పకపోతే పదకొండున్నరేళ్లు పడుతుంది. ఈలోగా సంబంధాలు చూసే పెద్దలు అబ్బాయి చదువు ఎందుకు ముగియడం లేదో కూపీ లాగడం మొదలుపెడతారు.

ఈ శాస్త్రానికి పూర్వీకులుగా చెప్పదగినవారి చరిత్ర అంత మర్యాదగా ఉండదు. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో తుపాకీ పేలి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి పొట్టకు పడిన గాయం, మనిషి బతికినా, పూర్తిగా పూడక కన్నంగా మిగిలిపోగా, చికిత్స చేసిన సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ కన్నంలోకి పట్టుదారానికి కట్టిన ఆహారపు ముక్కలను దించి, కొంతసేపయ్యాక పైకి లాగి, అవి ఎంతవరకు అరిగాయో చూసి, ఆ పరిశీలనలన్నిటినీ 1833లో పుస్తకంగా వేశాడు. మార్టిన్ విసిగిపోయి కెనడాలోని తన వాళ్ల దగ్గరికి వెళ్లిపోవడం, వైద్యుడు బతిమాలి రప్పించడం జరిగాయి కనుక, రోగి మళ్లీ చూపించుకోవడానికి రాకపోవడమనే సంప్రదాయానికి కూడా ఈ శాస్త్రంలో దాదాపు రెండు వందల ఏళ్ల వయసుందని ఒప్పుకోవాలి. 1868లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ జీర్ణాశయంలోకి చూడడానికి నిటారు గొట్టం తయారు చేసి, దాన్ని మింగగలవాడి కోసం వెతికి, చివరికి కత్తులు మింగే గారడీవాడిని పట్టుకున్నాడు. ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ 1984లో హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాను తానే తాగి, జీర్ణాశయపు వాపు తెచ్చుకుని, పుండ్లకు మూలం ఈ క్రిమేనన్న వాదానికి బలం చేకూర్చాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. కారం ఎక్కువైందని వంటమనిషిని నిందించే అలవాటు మాత్రం ఆ నోబెల్‌తో పోలేదు.

డి.ఎం. విద్యార్థి అసలు తపస్సు ఎండోస్కోపీ గదిలో, అంటే చివర కెమెరా ఉన్న మెత్తని గొట్టాన్ని దేహంలోకి పంపి లోపలి గోడలను తెరమీద చూసే చోట, సాగుతుంది. ఎడమచేతి వేళ్లతో రెండు చక్రాలు తిప్పుతూ కెమెరా మొనను పైకీ కిందికీ, అటూ ఇటూ వంచాలి, కుడిచేత్తో గొట్టాన్ని మెలితిప్పుతూ నెట్టాలి, కళ్లు తెరను వదలరాదు. పెద్దపేగును చూసే కొలనోస్కోపీలో కొత్తవాడు ఎంత నెడితే గొట్టం అంత చుట్టలు పడి, రోగి మూలుగు తప్ప మరేదీ ముందుకు సాగదు. లంగాకు బొందు ఎక్కించేవారు గుడ్డను కుచ్చులుగా వెనక్కి జరుపుకున్నట్టు, గొట్టాన్ని కాస్త వెనక్కి లాగి పేగును దానిమీదికి మడతలుగా చేర్చుకుంటేనే దారి దొరుకుతుందని తెలియడానికి నెలలు పడుతుంది. రోగికి ఈ కౌశలంతో నిమిత్తం లేదు. అతడి దృష్టిలో పరీక్ష అంటే ముందురోజు లీటర్ల కొద్దీ విరేచనాల మందు తాగి రాత్రంతా జాగరణ చేయడమే, దాని ముందు గొట్టం ఒక లెక్క కాదు.

పట్టా చేతికొచ్చాక గౌరవానికి లోటుండదు. కర్నూలు వైద్య కళాశాలలో చదివి, చండీగఢ్‌లో డి.ఎం. చేసి, హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డిని 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ వరించాయి కాబట్టి, కొడుకు గుండె డాక్టరు కాలేదని దిగులుపడే తండ్రికి పేగుల దారి కూడా రాష్ట్రపతి భవన్ దాకా వెళుతుందని చూపించవచ్చు.

చిక్కంతా ఎక్కడంటే, ఇన్నేళ్లు చూడడం నేర్చుకున్నవాడి దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి లోపల చూడడానికి ఏమీ ఉండదు. పేగు గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలుండి, అవి మెదడుతో నిత్యం కబుర్లు నడుపుతుంటాయి గనుక, అప్పు, అల్లుడు, ఆఫీసు వంటి కెమెరాకు చిక్కని కారణాలు కూడా కడుపునొప్పిని, ఉబ్బరాన్ని, అకాల విరేచనాలను పెంచగలవు. పుండూ వాపూ కనిపించని ఇటువంటి తరచూ వచ్చే బాధనే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారు. రిపోర్టు నార్మల్ అనగానే రోగి ముఖం వాడిపోతుంది. అంత డబ్బు పోసి, అంత మందు తాగితే ఏమీ లేదంటారేమిటని అతడి బాధ. అప్పుడు నిపుణుడు గొట్టం పక్కన పెట్టి అల్లుడి సంగతి అడగవలసి వస్తుంది, దానికి ఏ నీట్‌లోనూ ప్రశ్న ఉండదు. ఇందుకు విరుద్ధంగా, అర్ధరాత్రి ఛాతీ పట్టుకుని గ్యాస్ అంటూ వచ్చిన పెద్దమనిషికి నిపుణుడు ముందుగా ఈసీజీ, అంటే గుండె విద్యుత్ స్పందనల పటం, తీయిస్తాడు. కడుపు డాక్టరు గుండె జోలికి పోయాడని ఆయన అలుగుతాడు గానీ, గుండెపోటు చాలాసార్లు గ్యాస్ వేషంలోనే గడప తొక్కుతుందని డాక్టరుకు తెలుసు.

ఇక పెళ్లి పంక్తిలో నిపుణుడి స్థితి వర్ణనాతీతం. ముద్దపప్పులో నెయ్యి పడేలోపే ఎడమపక్క బంధువు తన ఉదయపు విరేచనం రంగు, చిక్కదనం వివరిస్తాడు, కుడిపక్కాయన సెల్‌ఫోన్‌లో దాని ఫొటోయే చూపిస్తాడు. నిపుణుడు రెండో మిరపకాయ బజ్జీ వేయించుకోవడం గమనించిన ఎదుటి వరుస రోగి తన పథ్యానికి ఆ క్షణమే నీళ్లు వదులుతాడు. పెరుగన్నం వేళకు ఒక పెద్దావిడ వచ్చి, "బాబూ, పరగడుపున గోరువెచ్చని నీళ్లు మంచివేనా?" అని అడిగి, ఆయన నోట్లో ముద్ద మింగేలోపే అందులో ఎంత తేనె, ఎంత నిమ్మరసం కలపాలో తానే చెప్పి, ఆ కొలతలు పొరపాటు లేకుండా తన రోగులకు కూడా చెబుతుండమని ఆయనకు అప్పగించి వెళుతుంది.