కరెంటు మీటరును అనుమానించు విధానం

ఇంటి మీటరు తప్పు చూపుతోందన్న అనుమానం నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లో ఏడాది పొడవునా పుట్టదు. మే నెల వాడకానికి జూన్ మొదట్లో బిల్లు చేతికందినప్పుడు పుడుతుంది. నందిగామలో వాతావరణ శాఖ పరిశీలన కేంద్రం ఉంది కనుక అక్కడి ఎండ మర్నాడు పేపర్లో అంకెల్లో కనిపిస్తుంది. సున్నపురాయి నేలా, సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్న జగ్గయ్యపేటకు అంకెలతో పనిలేదు. అనుమానం ఎప్పుడూ కరెంటు మీటరు మీదే. వంటగ్యాసు ఈ ఊళ్ళలో ఎక్కువ ఇళ్ళకు 14.2 కిలోల బండగానే వస్తుంది. బండ మీద అనుమానమొస్తే కాటా మీద పెట్టి తేల్చుకోవచ్చు. ఖాళీ బండ బరువు దాని మీదే కొట్టి ఉంటుంది. కరెంటును కాటా వేసే వీలు లేదు, అందుకే దాని మీద అనుమానానికి హద్దూ లేదు.

తూచే వీలు ఒకప్పుడు ఉండేది. 1880లలో ఎడిసన్ తన ఖాతాదారులకు పెట్టిన మీటరులో జింకు పలకలుండేవి. నెలకోసారి కంపెనీ మనిషి వచ్చి వాటిని పట్టుకెళ్ళి, బరువులో వచ్చిన తేడాను బట్టి బిల్లు వేసేవాడు. ఇంటివాళ్ళకు కనిపించే అంకె ఒక్కటీ ఉండేది కాదు. అలాంటి మీటరును అనుమానించడం న్యాయం. ఇప్పటిది పగలూ రాత్రీ అంకెలు చూపిస్తూనే ఉంటుంది కనుక, అనుమానించదలచిన గృహస్థు మొట్టమొదట పాటించవలసిన నియమం ఆ అంకెలు చూడకపోవడం.

బిల్లులో చూడవలసింది రూపాయలు మాత్రమే. పాత రీడింగు, కొత్త రీడింగు, యూనిట్లు, రీడింగు తీసిన తేదీ అదే కాగితం మీద ఉన్నా వాటి జోలికి పోకూడదు. పోతే మొదటి అడ్డంకి అక్కడే ఎదురవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో ఇళ్ళకు వచ్చిన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఈ లెక్కన 200 యూనిట్లు కాల్చిన ఇంటికి కరెంటు ఖరీదు 867 రూపాయలు. 400 కాలిస్తే 2,548. వాడకం రెట్టింపైతే డబ్బు దాదాపు మూడింతలవుతుంది. స్థిర ఛార్జీ, సుంకం, ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు వసూలు చేసే సర్దుబాటు దీనికి అదనం. ఈ లెక్క తెలిసిన ఇంటివాడికి సగం అనుమానం అక్కడే చచ్చిపోతుంది. అందుకే మన పెద్దలు కరెంటు బిల్లును చదవరు, చూసి మడిచి జేబులో పెట్టుకుని వీధిలోకి నడుస్తారు.

రెండో అంచె ఎదురింటి బిల్లు. "వదినా, మీకెంతొచ్చింది?" అన్న ప్రశ్నతో ఇది మొదలవుతుంది. జవాబు ఎప్పుడూ తక్కువే ఉంటుంది. ఎదురింటివాళ్ళకూ ఇవే ఫ్యాన్లు, ఇదే ఫ్రిజ్జు, ఇదే టీవీ కనుక తేడా అంతా మీటరుదేనని తేల్చాలి. వాళ్ళకు ఇంకో పోర్షనులో రెండో మీటరుందేమోననీ, వాళ్ళ బిల్లు వచ్చింది ఇరవై ఎనిమిది రోజులకైతే ఇవతలి ఇంటి రీడింగు ముప్పై నాలుగో రోజున తీశారేమోననీ అడగకూడదు. ఇది బంధుత్వాలు చెడే ప్రశ్న.

మూడోది ఇంట్లో విచారణ. ఇందులో ఏసీని సాక్షిగా పిలవాలి గానీ ముద్దాయిని చేయకూడదు. "రాత్రిపూటే వేస్తాం, అదీ ఇరవై నాలుగులో పెడతాం" అన్న వాంగ్మూలాన్ని నమ్మాలి. పాత రకం ఒకటిన్నర టన్నుల ఏసీ ఈ ఎండల్లో రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే ఎనిమిది నుంచి పది యూనిట్లు తాగుతుంది, నెలకు 240 నుంచి 300. అంతవరకూ 200 దగ్గర ఉన్న ఇల్లు ఒక్క నెలలో 440 నుంచి 500 దాకా వెళ్తుంది. సెలవులకు పుట్టింటికొచ్చిన ఆడపడుచులూ పిల్లలూ ఉంటే రెండో గదిలో కూలరు కూడా తిరుగుతుంది. ఈ మాట పైకి అనడం మర్యాద కాదు. మీటరును అంటే ఎవరికీ కోపం రాదు.

నీళ్ళ మోటారు సంగతీ ఇంతే. ఒక హార్స్‌పవర్ మోటారు నడుస్తున్నంతసేపూ దాదాపు ఒక కిలోవాట్ లాగుతుంది, అంటే గంటకొక యూనిట్. ఫుట్‌వాల్వు కారిపోయి పైపులో నీళ్ళు నిలవక అరగంటలో నిండే ట్యాంకు రెండు గంటలు తీసుకుంటే, ఆ అదనపు గంటన్నర నెలకు 45 యూనిట్లు. ట్యాంకు పొంగి గోడ వెంబడి కారే నీళ్ళు వీధంతా చూస్తుంది. మీటరులో పొంగే యూనిట్లు మాత్రం ఎవరికీ కనపడవు.

తర్వాతి అంచెకు కాస్త శాస్త్రం కావాలి. "ఈ కొత్త ఎలక్ట్రానిక్ మీటర్లు స్పీడుగా తిరుగుతాయి" అన్నది ఆ శాస్త్రంలో మొదటి సూత్రం. ఎలక్ట్రానిక్ మీటరులో తిరిగేది ఏమీ లేదు. తిరిగింది పాత మీటరులోని అల్యూమినియం చక్రం. ఏళ్ళు గడిచేకొద్దీ దాని ఇరుసు అరిగి, దుమ్ము పట్టి, అది మెల్లగా తిరిగేది. చిన్న దీపాలకు అసలు కదిలేదే కాదు. అలా చాలాకాలం తక్కువ లెక్క చూపిన మీటరు తీసేసి సరైనది పెడితే బిల్లు పెరుగుతుంది. పెరిగింది కనుక కొత్తది దొంగ, పాతది ధర్మాత్మురాలు. ప్రమాణాల ప్రకారం ఇళ్ళ మీటరుకు ఉండవలసిన తరగతి 1.0, అంటే ప్రయోగశాలలో తేడా అటూ ఇటూ ఒక శాతం. 400 యూనిట్లలో అది నాలుగు యూనిట్లు, ఆ శ్లాబులో 35 రూపాయలు. రెండు వేలు పెరిగిన బిల్లుకు ఈ ముప్పై అయిదు ఏమూలకూ చాలదు కనుక దీన్నీ పట్టించుకోకూడదు.

ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. అది అనుమానానికి ప్రాణాంతకం కాబట్టి వీలైనంత వాయిదా వేయాలి. మీటరు ముఖం మీద ఎర్రగా మిణుకుమనే చిన్న దీపం ఉంటుంది. దాని పక్కనే ఒక యూనిటుకు ఆ దీపం ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది. చాలా మీటర్ల మీద ఆ అంకె 3200. ముందుగా మీటరు తర్వాత ఉన్న మెయిన్ స్విచ్చి కట్టేయాలి. అప్పుడు దీపం మిణుకుమనకూడదు. అయినా మిణుకుమంటుంటే మీటరు మీద గానీ, మీటరుకూ మెయిన్‌కూ మధ్య తీగ మీద గానీ అనుమానం నిజమే. ఆగిపోతే మెయిన్ వేసి, ఇంట్లో స్విచ్చులన్నీ కట్టి మళ్ళీ చూడాలి. ఇప్పుడు మిణుకుమంటే ఎక్కడో ఏదో నడుస్తోంది: గోడకు తగిలించిన ఇన్వర్టరు, ఫ్రిజ్జు, రిమోటుతో ఆపిన టీవీ, లేదా తడిగోడలో కరెంటు లీకు.

ఆ తర్వాత వేడినీళ్ళ రాడ్డు. వెయ్యి వాట్ల రాడ్డును నీళ్ళ బకెట్టులో ముంచి, మిగతావన్నీ ఆపి, నిమిషం పాటు ఎర్రదీపం లెక్కపెడితే సుమారు 53 రావాలి. 1500 వాట్లదైతే 80. ఇస్త్రీపెట్టె ఈ పనికి రాదు, అది వేడెక్కగానే తనంతట తానే ఆగిపోతుంది. ఓల్టేజీ తక్కువున్న సాయంత్రం లెక్క తగ్గుతుంది, ఎందుకంటే రాడ్డు కూడా తక్కువే తాగుతుంది. వెయ్యి వాట్ల రాడ్డుకే నిమిషానికి డెబ్బై, ఎనభై వస్తే ఆ కాగితం పట్టుకుని కరెంటాఫీసుకు వెళ్ళవచ్చు. యాభై, యాభై మూడు వచ్చినప్పుడు ఈ పరీక్షను ఎవరికీ చెప్పకుండా దాచడం ఆచారం. రాడ్డు నీళ్ళలో ఉండగా చెయ్యి పెట్టకూడదన్నది మాత్రం వ్యంగ్యం కాదు.

ఒక తప్పు మాత్రం మీటరుదిలా కనిపించినా మీటరుది కాదు. ఇప్పటి మీటర్లు చాలావరకు ఫేజు తీగనూ న్యూట్రల్ తీగనూ రెంటినీ కొలిచి, దేనిలో ఎక్కువ పారితే దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. తేడా ఉంటే 'ఎర్త్' అన్న గుర్తు వెలుగుతుంది. తండ్రి కట్టిన ఇంటిని అన్నదమ్ములు రెండు వాటాలు చేసుకుని రెండో మీటరు పెట్టించినప్పుడు, గదులూ గోడలూ బోరింగూ పంచుకుంటారు గానీ న్యూట్రల్‌ను ఉమ్మడిగానే వదిలేస్తారు. తమ్ముడి ఏసీ అన్న మీటరులో పడుతుంది. పెద్దమనుషులు కూర్చుని రాసిన పంపకాల కాగితంలో ఈ తీగ ప్రస్తావన ఉండదు. రెండు పోర్షన్ల న్యూట్రల్ విడదీయడం ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. అంతకంటే మీటరును తిట్టుకుంటూ తమ్ముడితో మాటలు మానేయడం తేలికని చాలామంది అభిప్రాయం.

ఎలక్ట్రీషియన్ల కన్నా ముందు సలహాదారులు వస్తారు. మీటరు పక్కన అయస్కాంతం పెడితే నెమ్మదిస్తుందని ఒకరు, సీలు తీస్తే ఏం కాదని ఇంకొకరు అంటారు. ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావాటికి అయస్కాంతం వచ్చిన తేదీ, వేళ గుర్తుంటాయి. విద్యుత్ చట్టం 2003లో 135వ సెక్షను మీటరును చెడగొట్టడాన్ని కరెంటు దొంగతనం కిందే జమకడుతుంది, మూడేళ్ళ దాకా జైలు రాసింది. సలహా ఇచ్చినవాడి పేరు కేసులో ఉండదు.

ఇక ఫిర్యాదు. ఈ ఊళ్ళు అప్పుడున్న కృష్ణా జిల్లా కరెంటు 2000 నుంచి రెండు దశాబ్దాల పాటు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ కింద ఉండేది. పైదాకా వెళ్ళదలచినవాడికి ఫిర్యాదుతో పాటు మొక్కు కూడా తీరే సౌకర్యం అది. 2020లో విజయవాడ కేంద్రంగా మధ్య ప్రాంత సంస్థ వచ్చాక ఆ సౌకర్యం పోయింది. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాక జిల్లా పేరు కూడా పోయింది. ఫిర్యాదు చేయడానికి ప్రసిద్ధమైన పద్ధతి, వీధిలో స్తంభం దగ్గర లైన్‌మెన్ కనిపించినప్పుడు నోటిమాటగా చెప్పడం. "చూస్తాలేండి" అన్న జవాబు రసీదుతో సమానం. కాగితం మీద రాసి సెక్షన్ ఆఫీసులో గానీ గ్రామ, వార్డు సచివాలయంలో గానీ ఇచ్చి, నంబరు తీసుకుంటే గడియారం తిరగడం మొదలవుతుంది. కేంద్రం 2020 డిసెంబరులో తెచ్చిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం ఫిర్యాదు అందిన 30 రోజుల్లో మీటరును పరీక్షించాలి. 2024 ఫిబ్రవరి సవరణ ప్రకారం అయిదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చాలి. ఈ సవరణ తెలిసిన గృహస్థు ఆఫీసులో అడుగు పెడితే కుర్చీ చూపిస్తారు.

దరఖాస్తులో పేరు దగ్గర ఒక చిక్కు ఉంది. బేతవోలు అనే ఊరిని తండ్రి పేరున జగ్గయ్యపేట చేయడానికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మాట ఒక్కటి చాలింది. సర్వీసు మీద ఉన్న తాత పేరు మనవడి పేరుగా మారడానికి మాత్రం ఆస్తి కాగితాలు, వారసుల సమ్మతి కావాలి. కాబట్టి చాలా ఇళ్ళలో అధికారికంగా అనుమానించవలసింది, ఎప్పుడో కాలం చేసిన తాతగారే.

పోలిక మీటరు పెట్టిన మూడు నెలలూ ఆ ఇల్లు తన చరిత్రలోనే అతి పొదుపుగా బతుకుతుంది. ఖాళీ గదిలో ఫ్యాను ఆగుతుంది, మోటారు దగ్గర మనిషి నిలబడతాడు, ఏసీకి గుడ్డ కప్పుతారు. జూన్‌లో ఫిర్యాదు చేశారు కనుక ఈలోగా మునేరుకు నీళ్ళొచ్చి వాతావరణం కూడా చల్లబడుతుంది. రెండు మీటర్లూ ఒకే అంకె చూపిస్తాయి, అదీ మే నెల వాడకంలో సగం. దీన్నుంచి తీయవలసిన నిర్ధారణ: కొత్త మీటరు పక్కన పెట్టగానే పాతది భయపడి దారికొచ్చింది.

ఈలోపు బిల్లు కట్టకుండా నిరసన తెలపడం వాడుకలో ఉన్న పద్ధతే. అయితే బకాయి ఉన్నవాడికి 15 రోజుల నోటీసిచ్చి కరెంటు తీసే హక్కు విద్యుత్ చట్టం 56వ సెక్షను సంస్థకు ఇచ్చింది. అదే సెక్షనులో, వివాదం ఉన్నప్పుడు అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు ఛార్జీ గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది నిరసనతో కడితే వివాదం తేలేదాకా తీయకూడదనీ ఉంది. ఈ రెండో మాట ఎక్కువమందికి తెలియదు, తెలిసిన ఆఫీసు వాళ్ళు తమంతట తాము చెప్పరు. అక్కడ తేలకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వీటికి వకీలు అవసరం లేదు.

నిజంగా పాడైన మీటరును గుర్తుపట్టడం వేరే విద్య. అంకెలు కనపడకుండా తెర ఆరిపోతుంది, టెర్మినల్ దగ్గర వదులైన తీగ కాలి నల్లబడుతుంది, రీడింగు నెలల తరబడి ఒకే చోట నిలిచిపోతుంది. బిల్లు తగ్గుతుంది కనుక ఇలాంటి మీటరును ఏ ఇంటివాడూ అనుమానించడు, దానికి పసుపుకుంకుమలు పెట్టకపోవడమే తక్కువ. తర్వాత తనిఖీలో బయటపడినప్పుడు వెనకటి నెలలకు సగటు లెక్కగట్టి ఒకేసారి బిల్లు వేస్తారు, ఆ పద్దు మామూలు మే నెల బిల్లును మించుతుంది. కాబట్టి తెర ఆరిన రోజునే, బిల్లు తగ్గిన నెలలోనే, 1912కు ఫోను చేయాలి. వాళ్ళు మొదట అడిగేది సర్వీసు నంబరు. అది బిల్లు మీద ఉంటుంది.